అట్ట స్టేషను

చేవెళ్ల,
12 ఆగస్టు 1940

ప్రియమైన సాముయేలుకు,

నలభయ్యో రోజు ప్రార్థనకు రావద్దు. నేను పెట్టడం లేదు. పాస్టరుగారికి చెప్పేశాను. ఆయన ఏదో అనబోయాడు. తలుపు వేసుకున్నాను.

మీ అక్క పోయినప్పటి నుంచి ఈ ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకే మాట అన్నారు. దేవునికి కరుణమ్మ అవసరం పడిందట. అంత పెద్ద దేవునికి మా వంటింట్లో మనిషే కావలసి వచ్చిందా? ఆ మాట అని, అరటిపళ్ళు పెట్టి, వెళ్ళిపోతారు. అరటిపళ్ళు కుళ్ళి ఈగలు ముసిరాయి. నిన్న అన్నీ ఎత్తి పెంటకుప్పలో పోశాను. నువ్వు ఆ మాట అనలేదు. అందుకే నీకు రాస్తున్నాను.

ఒక పని ఉంది. నువ్వు మేస్త్రీ పని మీద వారం వారం పట్నం పోతావు కదా. సికింద్రాబాదులో సీమ ఆటబొమ్మలు అమ్మే దుకాణాల్లో రైలు స్టేషను అట్ట షీట్లు ఉన్నాయేమో అడుగు. దళసరి కాగితం మీద గోడలు, కిటికీలు, కప్పు రంగుల్లో అచ్చువేసి ఉంటాయి. కత్తిరించి, మడిచి, అంచులకు పిండి లై రాసి అంటిస్తే భవనం నిలబడుతుంది. మిషను దొర స్వదేశం వెళ్తూ నాకు ఇచ్చిపోయిన కీ ఇచ్చే బొమ్మ రైలుబండి నువ్వు చూశావు. పెద్ద రకం. పట్టాల మధ్య అంగుళం పావు ఉంటుంది. దానికి స్టేషను లేదు. బడి అయిపోయాక సాయంత్రాలు నా చేతులకు పని లేదు.

నా దగ్గర పన్నెండు షీట్లు ఉన్నాయి. అవీ దొర ఇచ్చినవే. వాటిలో స్టేషను కూడా ఉంది. కాని వాడను. కారణం చెబుతాను, ఎందుకంటే నిన్ను ఒక మాట అడగాలి.

జూను నెలలో ఆ షీట్లు నా బల్ల మీద కనపడలేదు. వెతికితే, అమ్మేయడానికి పేర్చిన పాత పత్రికల దొంతర అడుగున దొరికాయి. ప్రతి షీటు మూలనా మీ అక్క పెన్సిలుతో 'పాత 2' అని రాసింది. రెండో రకం చిత్తు అని కాబోలు. ఇదేమిటని అడిగాను. నవ్వింది. "చదువుకున్నోరు గదా, మీరే చదువుండ్రి" అన్నది. నేనూ ఏదో అన్నాను. మూడు వారాలకు ఆమెకు జ్వరం వచ్చింది. మళ్ళీ ఆ సంగతి మా మధ్య రాలేదు.

నా బండి అంటే ఆమెకు అంత రోతా? నీతో ఎప్పుడైనా అన్నదా? ఉన్నది రాయి. మెత్తగా రాయకు. ఆమె నన్ను చిన్నచూపు చూస్తూ పోయిందో లేదో నాకు తెలియాలి. అది తెలియక ఏడవడం కూడా నాకు చేతకావడం లేదు.

నీ బావ,
సాలోమోను

•

మొయినాబాద్,
25 ఆగస్టు 1940

ప్రియమైన బావకు, నీ బామ్మర్ది సాముయేలు వందనాలు.

రావద్దన్నవు, రాలేదు. మంచిగ లేదు గని, నీ మాట కాదనలె.

అక్క నీ బండిని ఏమన్న అన్నదా అని అడిగినవు. అన్నది. దాచి ఏం జేస్త. పోయిన క్రిస్మస్‌కు మా ఇంటికొచ్చినప్పుడు, "మీ బావ ఆ బండికి కీ ఇచ్చినంత ప్రేమగ మా గోడ గడియారానికి ఇస్తే, మేం ఒక్క ఆదివారమన్న చర్చికి యాళ్లకు పోతుంటిమి" అన్నది. అని నవ్వింది. అక్క నవ్వు నీకు ఎరుక లేదా బావా? ఎవరు ఇష్టమైతే వాళ్లనే ఎక్కిరిస్తుండె. నన్ను వంకర గోడల మేస్త్రీ అని పిలుస్తుండె, నా పెండ్లాం ముందట గూడ. రోత పుట్టిన మనిషిని చూసి ఆమె నవ్వదు. లేచి అవతలికి పోతది.

కని షీట్ల ముచ్చట నాతోని ఎన్నడూ తియ్యలె. పాత అని ఎందుకు రాసిందో నాకు తెల్వదు. తెల్వనిది తెలిసినట్టు రాయను.

నీ పని మీద మూడు దుకాణాలు తిరిగిన. మూడో దుకాణంల కళ్లద్దాలు పెట్టుకున్న ముసలాయన కూసున్నడు. నా చేతులకు సున్నం. చూడంగనె, "ఇక్కడ కూలి పని లేదు, పో" అన్నడు.

"పనికి రాలె, ఇల్లు కొననీకి వచ్చిన" అన్న.

"ఏం ఇల్లు?"

"అట్ట ఇల్లు."

అప్పుడు కుర్చీ చూపిచ్చిండు. లడాయి మొదలైనంక సీమ నుంచి సరుకు ఆగిపోయిందట. మూలకు పడ్డవి మూడు షీట్లు దులిపి ఇచ్చిండు. స్టేషను లేదు. ఉన్నవి పంపుతున్న. ఇరవై ఏండ్ల సంది గోడలు కడుతున్న గని, మడిచి సంచిల పెట్టుకునే ఇల్లు చూసుడు ఇదే మొదలు.

జర అన్నం తిను బావా. ఒక్కనివే ఉన్నవని పొయ్యి మానకు.

నీ మేలు కోరే
సాముయేలు

•

చేవెళ్ల,
4 సెప్టెంబరు 1940

ప్రియమైన సాముయేలుకు,

షీట్లు అందాయి.

ఒకటి మంచు పడిన చర్చి. కప్పు మీద మంచు, కిటికీల మీద మంచు, సమాధుల మీద మంచు. పిల్లలు ఆడుకునే బొమ్మకు ఏడు సమాధులు అచ్చువేశారు. ఎవరడిగారో తెలియదు. చూడగానే తిరగేసి పెట్టాను. రెండోది సారాయి దుకాణం, గుమ్మం మీద పంది బొమ్మ. మూడోది ఒక ఇల్లు. దానికి నాలుగు పొగగొట్టాలు. ఈ చేవెళ్ల ఉక్కలో కూర్చుని పొగగొట్టాలు కత్తిరించేవాణ్ణి చూస్తే జనం ఏమనుకుంటారో వేరే చెప్పాలా.

అయినా కొలత తెలుస్తుందని సారాయి దుకాణం కత్తిరించి నిలబెట్టాను. బండితో పాటు వచ్చిన తగరపు గార్డు బొమ్మను దాని ముందు పెట్టాను. తలుపు అతని రొమ్ము దాకా వచ్చింది. లోపలికి పోవాలంటే పాకాలి. సారాయి దుకాణంలోంచి పాకుతూ రావడం లోకంలో ఉంది. పాకుతూ పోవడం లేదు. ఇవి మరేదో చిన్న బండికి చేసినవి. నా పన్నెండు షీట్లు తీసి చూశాను. వాటి తలుపులూ ఇంతే. అంటే అవి మొదటి నుంచీ నాకు పనికిరానివే. ఏడాదిగా వాటిని బల్ల మీద పెట్టుకుని పని మొదలుపెడతానని చెబుతూ వచ్చాను. ఒక్కసారి కూడా కొలవలేదు.

మొన్న లై కాచాను. మర్నాటికి పుల్లగా కంపు కొట్టింది. బొద్దింకలు సారాయి దుకాణం అంచులన్నీ కొరికేశాయి. ఆ కంపు ఇల్లంతా పట్టింది. మీ అక్క కాచిన లై నెల రోజులున్నా వాసన వచ్చేది కాదు. దానిలో ఏం కలిపేదో నేను అడగలేదు.

ఆమె నవ్వు గురించి నువ్వు రాసింది చదివాను. తమ్ముడివి కనక నీకు అలా తోస్తుంది. నాకు తోచదు. షీట్లు దొరికింది పత్రికల దొంతరలో. అందులో ఏ ప్రేమా లేదు.

నీ బావ,
సాలోమోను

•

మొయినాబాద్,
21 సెప్టెంబరు 1940

ప్రియమైన బావకు వందనాలు.

లైల చిటికెడు మైలుతుత్తం కలుపు. బొద్దింక మొఖం గూడ పెట్టదు. అక్క అదే కలుపుతుండె. నీకు చెప్పలేదంటె నువ్వు అడగలేదనే.

పని మీద పోయి కళ్లద్దాలాయనను మళ్ల కలిసిన. "మా బావ గార్డు నీ సారాయి దుకాణంల పడుతలేడు" అన్న. ముసలాయన ఎన్నడూ నవ్వడట, నవ్విండు. అసలు సంగతి చెప్పిండు. ఈ షీట్లన్నీ సగం రకం బండికి చేసినవట. ఆ బండి పట్టాలు తెచ్చి నా ముందట పెట్టిండు. నా జేబుల కొలత బద్ద ఎప్పటికీ ఉంటది. కొలిచిన. నడుమ ఐదు సూతులు వచ్చింది. సూతంటె అంగుళంల ఎనిమిదో పాలు, మా మేస్త్రీల లెక్క. నీ పట్టాలు అంగుళం పావు, అంటె పది సూతులు. ఐదు రెండ్ల పది. సాఫ్ లెక్క. షీటు మీద ఏమున్నా రెండింతలు చేసుకో, నీ బండికి సరిపోతది.

గందుకని కొత్త షీట్ల కోసం తిరుగుడు ఎందుకు? నీ పన్నెండిట్ల స్టేషను ఉన్నదంటివి. అదే వాడు. పాత అని రాసినంత మాత్రాన గోడలు ఏడికి పోతయి? అక్క మీద కోపముంటె ఉండనీ. కాగితం మీద పెట్టకు.

చేసే తీరు చెప్త. షీటు మీద నాలుగు సూతుల గడులు గీయి. తెల్ల అట్ట మీద ఎనిమిది సూతుల గడులు గీయి. ఆ గడిల ఏమున్నదో ఈ గడిల అదే పెద్దగ గీసుకుంట పో. చర్చి గోడ మీద పూలు మేం గట్లనే పెద్దగ చేస్తం. ఒక్క అట్టయితె ఇంత గోడ వంగుతది, చెప్పుల డబ్బా అట్ట లోపల అంటియ్యి. అంటిచ్చే మడతలు గూడ రెండింతలు వదులు, లేకుంటె ఊడి వస్తది.

నన్ను రమ్మంటె శనివారం బస్సెక్కుత. ఇద్దరం కూసుంటె రెండు దినాల పని. ఫికరు పడకు, ప్రార్థన గీర్థన అనను.

నీ
సాముయేలు

•

చేవెళ్ల,
30 సెప్టెంబరు 1940

ప్రియమైన సాముయేలుకు,

నీ లెక్క చూశాను. తప్పు కనపడలేదు. గడులు గీయడం మొదలుపెట్టాను.

రావద్దు. నీ మీద ఏమీ లేదు. నీ కళ్ళు మీ అక్క కళ్ళలా ఉంటాయి. ఇప్పుడు వాటి ఎదురుగా కూర్చోలేను.

నిన్న హెడ్‌మాస్టరు వచ్చాడు. బల్ల మీద గడులు చూసి, బడి పటం గీస్తున్నానని అనుకున్నాడు. కాదని తెలిసి చాలాసేపు దగ్గాడు. తరువాత గొంతు తగ్గించి, శంకరపల్లి వైపు ఒక సంబంధం ఉందన్నాడు. మనిషి పోయి మూడు నెలలు కాలేదు. "ఇంట్లో ఆడదిక్కు ఉంటే నీకు ఈ కాగితాల పిచ్చి పోతుంది" అన్నాడు. ఆయన పక్కన పెట్టిన టీ గ్లాసు నేను చేతితో ముట్టుకోలేకపోయాను. కర్రతో తోసి బయట పడేశాను.

పని చేస్తున్నంతసేపూ మూలన ఆ 'పాత 2' కనపడుతూనే ఉంది. దాని మీద కాగితం ముక్క కప్పి పని చేస్తున్నాను.

నీ బావ,
సాలోమోను

•

చేవెళ్ల,
26 అక్టోబరు 1940

ప్రియమైన సాముయేలుకు,

స్టేషను పూర్తయింది. ఇంత అసహ్యమైన కట్టడం నేను ఎక్కడా చూడలేదు.

కొలతలు తప్పలేదు. ప్రతి గడీ రెండుసార్లు చూసుకున్నాను. గోడలు నిటారుగా నిలిచాయి. మడతలు ఊడలేదు. నీ మైలుతుత్తం పని చేసింది. నాలుగు వారాలు పట్టింది. బల్ల మీద పెట్టి గార్డును ముందు నిలబెట్టాను. గార్డు ఎత్తు నీ లెక్కలో పదమూడు సూతులు. టికెట్ల కిటికీ అతని ముక్కు దాకా వచ్చింది. టికెట్టు అడగాలంటే మునివేళ్ళ మీద లేవాలి. బండికి కీ ఇచ్చి వదిలాను. ప్లాట్‌ఫారం అంచు పెట్టెల తలుపులను గీరింది. చూరు ఇంజను గొట్టానికి తగిలి బండి ఆగింది. చక్రాలు మాత్రం ఉన్నచోటే తిరిగాయి, కీ అయిపోయేదాకా. ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను.

ఉండవలసినదానికి రెండింతలుంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇది కొంచెం పెద్దది. పొడుగు మనుషుల ఊరికి దారి తప్పి వచ్చిన బండిలా ఉంది. ఎక్కడ తప్పో వేలు పెట్టి చూపించలేను.

మీ అక్క రాసిందే నిజం. అవి చిత్తు. ఒప్పుకుంటున్నాను. కాని నోటితో చెప్పి ఉండవచ్చు. నాలుగు గోడల మధ్య పదిహేడేళ్ళు ఉన్నాం. ఒక మాట చెప్పడానికి పెన్సిలు ఎందుకు? నా వెనక చాటుగా చిత్తు కింద రాసి, అడిగితే నవ్వింది. దానికి ఇంకో అర్థం నాకు దొరకడం లేదు. వెతికి వెతికి ఆమె మీద కూడా నాకు విసుగు పుట్టింది. చనిపోయిన మనిషి మీద విసుగు. రాయడానికే రోతగా ఉంది, అయినా రాస్తున్నాను.

స్టేషనును పొయ్యిలో పెట్టాను. మైలుతుత్తం వల్ల మంట ఆకుపచ్చగా వచ్చింది. బండిని పెట్టెలో పెట్టి మూత మీద మేకులు కొట్టాను. పదకొండు షీట్లు, పత్రికల దొంతర, పాత కాగితాల వాడు వచ్చినప్పుడు తూకానికి ఇచ్చేస్తాను. పన్నెండోది నీకు పంపుతున్నాను. అక్క చేతిరాత నీ దగ్గర ఒక్క ముక్క కూడా లేదని సమాధి దగ్గర అన్నావు. ఇదిగో, ఉంచుకో. ఇక ఈ సంగతి రాయకు.

నీ బావ,
సాలోమోను

•

మొయినాబాద్,
31 అక్టోబరు 1940

ప్రియమైన బావకు,

కాగితాల వాడికి ఏమీ ఇయ్యకు. ఇచ్చి ఉంటె వాడి వెనక పో. టపాల ఆలస్యమైతదని బస్సు డ్రైవరు మల్లేశ్ చేతికి ఇస్తున్న. ముందు షీట్లు జాగ్రత్త చేసి, తర్వాత కింద చదువు.

అది పాత కాదు బావా. 'పా' వేరే, 'త' వేరే. నడుమ చుక్క ఉన్నది, పెన్సిలు మాసి కనపడుతలేదు. ఎండకు పట్టి చూడు. పా. త. 2. పావు తక్కువ రెండు.

మా బాపుకు చదువు రాదని నీకు ఎరుకనే. అంకెలు వచ్చు, నాలుగు అక్షరాలు వచ్చు. కట్టే గోడల మీద బొగ్గుతోని పా.త. 3 అని, పా.త. 5 అని రాసుకుంటుండె. పావు తక్కువ మూడు గజాలు, పావు తక్కువ ఐదు గజాలు అన్నట్టు. సద్ది తీసుకపోయినప్పుడు అక్క, నేను ఆ గోడల ముందట కూసుండి లెక్కలు నేర్చినం. చుక్క పెట్టుడు అక్కకు ఎన్నడూ సరిగ రాలె, బాపు తిడుతుండె. మేస్త్రీ కొడుకును, నేను ఆ గుర్తే మర్చిపోయి రెండింతలు అని రాసిన. అక్క మర్చిపోలె.

నీ షీటు రాంగనె తలుపు కొలిచిన. తొమ్మిది సూతులు. రెండింతలైతె పద్దెనిమిది. పావు తక్కువ రెండింతలు చెయ్యి, పావు తక్కువ పదహారు వస్తది. నీ గార్డు పదమూడు. టోపీ మీద చెయ్యెడు సందు ఉండి లోపలికి పోతడు. ఊళ్లె మేం పెట్టే దర్వాజ గంతే ఉంటది.

నిన్న పని ఇడిచిపెట్టి కళ్లద్దాలాయన దగ్గరికి పోయిన. నీ ఉత్తరంల స్టేషను ముచ్చట చెప్పిన. ముసలాయన ఏదో సీమ పుస్తకం తెరిచి నెత్తి కొట్టుకున్నడు. సగం బండికి పట్టాలే సగమట. చిన్న ఇంజనుల మర పట్టదని, ఇంజను, పెట్టెలు, ఇండ్లు మాత్రం సగం కంటె జర పెద్దగ చేస్తరట. మాకు ఆ సంగతి తెల్వక పట్టాలు కొలిచినం. అక్క మనిషిని కొలిచింది. నాలుగు సూతుల గడికి ఏడు సూతుల గడి గీయాలె, ఎనిమిది కాదు.

ఆమె నీ షీట్లను చిత్తు అనలె బావా. నువ్వు ఏడాది సంది చెయ్యని లెక్క చేసి, ప్రతి షీటు మీద రాసి పెట్టింది. చదువుండ్రి అన్నది ఎక్కిరిచ్చుడు కాదు. నువ్వు చదువుతవేమో అని చూసింది.

ఆ అక్షరాల మీద వేలు పెట్టుకుని చాలసేపు కూసున్న. ఇంక రాయలేను.

సాముయేలు

•

చేవెళ్ల,
16 నవంబరు 1940

ప్రియమైన సాముయేలుకు,

షీట్లు ఉన్నాయి. కాగితాల వాడు ఆ వారం రాలేదు.

నీ ఉత్తరం చదివి పత్రికల దొంతర విప్పాను. జూనులో షీట్లు దొరికాక దాన్ని ముట్టుకోలేదు. చెమ్మకు చుట్టుకుపోకుండా షీట్లను ఆమె ఆ బరువు కింద పెట్టింది. అది తోచని మనిషికి చదువు ఎందుకు? పత్రికల మధ్య స్టేషను ముందు గోడ ఉంది. పత్రిక కాగితంలోనే గీసి కత్తిరించింది. ఏడు సూతుల గడులు. తలుపు కోసింది. టికెట్ల కిటికీ కోసింది. పెట్టె మేకులు పీకి గార్డును తీశాను. కిటికీ అతని రొమ్ము దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపితే టికెట్టు అందుతుంది.

మొదటి ఉత్తరంలో, నేనూ ఏదో అన్నాను అని రాశాను. ఏమన్నానో రాయలేదు. "నాలుగో తరగతి చదివి నా చదువు మీద నవ్వకు" అన్నాను. ఆమె నవ్వు ఆపింది. కాగితాలు సర్ది లోపలికి వెళ్ళింది.

ఇంకొకటి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. జ్వరం వచ్చిన మూడో రోజు పొద్దున ఆమె "పావు తక్కువ" అన్నది. కళ్ళు తెరవలేదు. నేను వంగి ఏమిటని అడిగాను. "పావు తక్కువ, చూడుండ్రి" అన్నది. అప్పుడే వాకిట్లో పాల అంతమ్మ మా గిన్నెలో పాలు పోస్తోంది. బయటికి వెళ్ళాను. వీధి అంతా వినేటట్టు, "చావుబతుకుల మనిషి పాలలో పావు కొడతావా" అని అడిగాను. ఆమె కొలిచి చూపిస్తానన్నది. నేను గిన్నె ఎత్తి ఆమె కాళ్ళ దగ్గర బోర్లించాను. మర్నాటి నుంచి ఆమె రాలేదు. మీ అక్క పోయిన రోజు కూడా రాలేదు. తప్పు చేసింది కనక మొహం చూపలేదని అనుకున్నాను. నాలుగు నెలలుగా పాలు లేని టీ తాగుతూ, అది నా నిజాయితీ అనుకున్నాను.

ఈ నాలుగు నెలలూ అరటిపళ్ళు తెచ్చినవాళ్ళ మీద, పాస్టరు మీద, హెడ్‌మాస్టరు మీద, చివరికి మీ అక్క మీద రోత పెంచుకున్నాను. అదంతా కలిపినా, నీ ఉత్తరం చదివాక నా మీద నాకు పుట్టినదాంతో సరిపోదు. రెండు వారాలు ఇంట్లోంచి బడికి, బడి నుంచి ఇంటికి తప్ప ఎటూ పోలేదు. అంతమ్మ ఇల్లున్న వైపు తల తిప్పలేదు.

నిన్న వెళ్ళాను. ముడిమ్యాల దారిలో ఊరి చివర ఆమె కొట్టం. గేదె కింద పేడ ఎత్తుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏం సారు, మళ్ల ఏమన్న తక్కువైందా?"

తక్కువ కాలేదని చెప్పాను. ఆ రోజు కూడా కాలేదని చెప్పాను. కరుణమ్మ అన్నది పాల సంగతి కాదని, బొమ్మ రైలు స్టేషను కొలత సంగతి అని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. చెబుతుంటే అదెంత నీచంగా ఉందో నాకే వినపడింది.

"అంటె అట్ట ఇంటి కోసం నన్ను దొంగను చేసినవా?"

"అవును" అన్నాను.

పక్కకు ఉమ్మింది. చేతులు గడ్డితో తుడుచుకున్నది.

"కరుణమ్మ అవ్వ ఎన్నడన్న నా ముంత కొలిచిందా సారు? నేనే కొలుచుకో అవ్వ అంటె, నీ చెయ్యే కొలత తియ్యి అంటుండె. గంత చదువుకున్నోనివి, జర ఆగి ఆమెనే అడుగకపోతివి."

"అడగలేదు."

"నీ తిట్లు పోనీ. నన్ను మా వాడకట్టుల మంది నెల దినాలు ఎక్కిరిచ్చిండ్రు, అదీ పోనీ. అవ్వ ఆఖరి మొఖం చూడకపోతిని. అది వాపసు ఇస్తవా?"

వెళ్ళిపోమంటుందని నిలబడ్డాను. ఆమె వెళ్ళిపోమనలేదు. పేడ తట్ట ఎత్తుకుని వెళ్ళి, కుప్పలో వేసి వచ్చి, మళ్ళీ పని మొదలుపెట్టింది. నేను అక్కడే ఉన్నాను. గేదె ఒకసారి నా చొక్కా వాసన చూసింది. నా వైపు చూడకుండా అడిగింది.

"రేపటి సంది పొయ్యాల్నా?"

పొయ్యమన్నాను.

"ఎన్ని?"

ఇద్దరం ఉన్నప్పుడు సేరు. ఒక్కడికి ఎంత కావాలో నేను ఎప్పుడూ అనుకోలేదు. చెప్పబోయాను. నోటి దాకా సేరు అనే వచ్చింది. అంతమ్మ అప్పుడు తలెత్తి నన్ను చూసింది. మొదటిసారి, మీ అక్క పోయాక మొదటిసారి, ఒకరి ముందు నా కళ్ళు తడిశాయి.

"తియ్యి సారు. నేనే చూసి పోస్త" అన్నది.

ఇవాళ పొద్దున వచ్చింది. వాకిట్లో నిలబడి గిన్నె అడిగింది. సేరుకు పైనే పోసింది. ఆమె వెళ్ళాక కాచాను. సగం కూడా తాగలేకపోయాను.

ముందు గోడ అట్ట మీదికి ఎక్కించాను. తలుపు ఇంకా కొయ్యలేదు. నీ చెయ్యి కావాలి.

శనివారం బస్సుకు రా. పాలు మిగులుతున్నాయి.

నీ కోసం చూస్తూ,
సాలోమోను